గంజి పెట్టిన కట్టు

అది పందొమ్మిది వందల యాభై ఎనిమిది ఎండాకాలం. దాచేపల్లి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి కలరా సూదులు వేసి వేసి నర్సు గ్రేసమ్మకు ఒళ్ళు హూనమైపోయింది. సాయంత్రం డిస్పెన్సరీ తలుపు తీసిందో లేదో, క్వారీలో కాలు చీరుకుపోయిన జక్కయ్యను మోసుకొచ్చారు. కట్టుగుడ్డలు లేవు. కావాలని రాసి రెండు నెలలైంది, పంపితేగా. పెట్టెలో మడత పెట్టుకున్న తన తెల్లచీర చింపి, గాయానికి టించరు అయోడిన్ పోసి కట్టు కట్టింది.

తెల్లవారి జక్కయ్య పెళ్ళాం పిచ్చమ్మ గంజిముంత పట్టుకొని వచ్చింది. చూస్తే కట్టంతా సిరా ఒలికినట్టు నల్లగా ఉంది.

"కాలు కుళ్ళిందమ్మా. మా ఊళ్ళో పసరు కట్టే ఆయన ఉన్నాడు, తీసకపోతా. బండి కూడా తెచ్చా."

ఆ పసరు సంగతి గ్రేసమ్మకు తెలుసు. కిందటేడు అది కట్టించుకున్న సామ్యేలు ధనుర్వాతంతో వారంలో పోయాడు. గట్టిగా అరుద్దామనుకుంది. అరవడానికీ ఓపిక ఉండాలి గదా.

"కుళ్ళలేదే. నా చీరకి గంజి పెట్టి ఉంది. గంజికి ఈ మందు తగిలితే నల్లబడుద్ది, అంతే."

పిచ్చమ్మ నమ్మలేదు. గ్రేసమ్మ ఆ ముంతలో గంజి గ్లాసులోకి వంచి, రెండు చుక్కలు టించరు వేసింది. చూస్తుండగానే గంజి నల్లబడింది. పిచ్చమ్మ మొగుడి రెక్క పట్టుకొని లేపింది.

"తాగే గంజినే విషం చేసింది. ఇంక మనిషిని వదులుద్దా?"

చేజేతులా చెడగొట్టుకుంది గ్రేసమ్మ. ఈ మనిషి గుమ్మం దాటాడంటే దక్కడు. ఇంక చెప్పే శక్తి లేక, ఆ నల్లగంజి ఎత్తి తాగేసింది. రెండు చుక్కలకు ఏమీ కాదని తెలుసు. తెలియనిదల్లా తన ఆకలే. అడుగున మిగిలిన మెతుకులు కూడా వేలితో తీసుకొని తింది.

పిచ్చమ్మ మొగుడి రెక్క వదిలింది.

"ఎప్పుడు తిన్నావమ్మా?"

"గుర్తు లేదే."

ముంతలో మిగిలిందంతా గ్లాసులో పోసి చేతికిచ్చింది పిచ్చమ్మ. "దీంట్లో మందు వెయ్యమాక. తాగి, నా కొంగు చింపి ఉడకబెట్టి కట్టు కట్టు. ఇది నల్లబడదులే. మాకు గంజి తాగడానికే చాలదు, చీరలకెక్కడ పెడతాం."

బండి ఖాళీగా వెనక్కి పోయింది.