ధవల్ సబ్బు, జోగమ్మ కొట్టు

డెబ్బై ఎనిమిదిలో జంషెడ్‌పూర్‌లో బట్టలు ఉతకాలంటే ధవల్ సబ్బు తప్ప ఇంకొకటి దొరికేది కాదు. గొప్పకి చెప్పడం లేదు. గొప్పే అనుకోండి, అప్పట్లో ఆ గొప్పంతా నాది. సాక్చీ బజారులో ధవల్ టోకున అమ్మే స్టాకిస్టు దగ్గర నేను సేల్స్‌మన్‌ని. మా నాన్న కాంట్రాక్టు కూలీగా బూడిద ఎత్తినవాడు. నేను టెరీకాటన్ చొక్కా తొడుక్కుని, తోలుసంచీ భుజాన తగిలించుకుని మాంగో పేట నుంచి మా భుయ్యాడీహ్ పేట దాకా రెండు వందల కొట్లు తిరిగేవాణ్ణి. సూర్యం వస్తున్నాడంటే కొట్టువాళ్ళు స్టూలు తుడిచి వేసేవారు.

స్టూలు తుడిచేది నా మొహం చూసి కాదని తెలుసుకోవడానికి రెండేళ్ళు పట్టింది. సబ్బు కోసం వచ్చిన ఆడమనిషి సబ్బొక్కటే కొని పోదు. అదే చేత్తో కందిపప్పు, ఉప్పు, ఆవనూనె కూడా కొంటుంది. ధవల్ లేని కొట్టుకి ఆమె రాదు. పక్క కొట్టుకి పోతుంది, పప్పు కూడా అక్కడే కొంటుంది. అంచేత మేము సబ్బు ఆపితే కొట్టువాడి పప్పు కూడా అమ్ముడుపోదు. ఇక వాడు మేమేమంటే దానికి తల ఊపక ఏం చేస్తాడు? కళ్ళకెదురుగా ఉండే అరలో ధవల్ పెట్టమంటే పెట్టేవాడు. ఎవరూ కొనని మా పళ్ళపొడి అంటగడితే తీసుకునేవాడు. వేరే సబ్బు మాత్రం కొట్టులో కనబడకూడదు. కనబడిందా, "స్టాకు లేదు" అనేవాణ్ణి. గోడౌను నిండా పెట్టెలు పెట్టుకుని ఆ మాట అనడం నాకు బాగానే అలవాటైంది.

ఆ మాటకి బెదరని కొట్టు ఒక్కటే ఉండేది. అది భుయ్యాడీహ్‌లో మా జోగమ్మ పిన్నిది. నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మ పోతే నన్ను తెచ్చుకుని పెంచిన మనిషి ఆమె. నేనంటే ప్రాణం. నా తోలుసంచీ అంటే మాత్రం మంట.

ఉక్కు ఫ్యాక్టరీ కోక్ ఓవెన్స్‌లో, బొగ్గు కాల్చే బట్టీల దగ్గర పనిచేసే మనిషి బట్టలు మామూలుగా ఉతికితే మసి వదలదు. భుయ్యాడీహ్‌లో మా తెలుగువాళ్ళు కిరసనాయిలు డబ్బాలో నీళ్ళు పోసి, ఇంత సోడా, ఇంత సబ్బు ముక్క వేసి, బొగ్గుల పొయ్యి మీద బట్టలు ఉడకబెడతారు. ఏ రోజు కూలి ఆ రోజు దొరికే ఇంట్లో మూరెడు సబ్బు కడ్డీ ఎవరు కొంటారు? అందుకని పిన్ని ఇత్తడి తీగతో కడ్డీని ముక్కలు కోసి అమ్మేది. కంపెనీకి అది గిట్టదు. కోస్తే 'ధవల్' అనే అచ్చు తెగిపోతుంది. జనం పేరు చూసి కొనాలిగాని ముక్క చూసి కొనకూడదని వాళ్ళ రూలు. మిగతా కొట్లన్నీ కొయ్యడం మానేశాయి. పిన్ని మానలేదు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి.

ఊరుకోలేని పరిస్థితి ఆదిత్యపూర్ సబ్బుతో వచ్చింది. బలరామ్ అనే ఒడియా ఆయన ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్‌లో, రేకుల షెడ్డులో సబ్బు వండేవాడు. దానికి అచ్చు లేదు, కాగితం లేదు. ఇటుక రంగు, ఇటుకంత మొరటు. కాని డబ్బాలో వేసి ఉడికిస్తే మసంతా నీళ్ళలోకి దిగిపోయేది. పిన్ని దాన్ని ధవల్ పక్కనే పెట్టి కోసింది. నెల తిరిగేసరికి ఆ కబురు స్టాకిస్టుకి చేరింది. ఆయన నన్నే పంపాడు.

"పిన్నీ, ఆ సబ్బు తీసెయ్యి. నేకపోతే నీకు ధవల్ ఆపేత్తారు," అన్నాను.

"ఎవులాపేత్తారు?"

"కంపెనీ."

"కంపెనీయంటే ఏటి, నువ్వే కదా! ఈ గుమ్మంలోకి ఒచ్చింది నువ్వే."

"నా సేతిలో ఏటీ నేదు పిన్నీ."

"నేకపోతే మరెందుకొచ్చేవు? ఆపుకోండి. నా కొట్లో ఏటెట్టాలో నానే సూసుకుంతాను."

ఆపేశాం. నెలలో పిన్ని కొట్టు మూసేస్తుందని స్టాకిస్టు లెక్క. మూడు నెలలైనా మూయలేదు. కలకత్తా నుంచి మేనేజరు వచ్చి, ధవల్ లేకుండా ఆ కొట్టు ఎలా నడుస్తోందో రాసిమ్మన్నాడు. నాకు ఒళ్ళు పొంగింది. కలకత్తా మేనేజరు నన్నడగడం! నాలుగు పేజీలు ఇంగ్లీషులో రాశాను. జనం అచ్చు కోసం రావడం లేదు సార్, ముక్క కోసం వస్తున్నారు అని కిరసనాయిలు డబ్బాతో సహా పూసగుచ్చినట్టు రాశాను. ఆయన చదివి నా భుజం తట్టాడు. నాలుగు రోజులు ఆ భుజాన్ని నేలకి ఆనించలేదు.

ఆరు వారాల తర్వాత చిట్టి ధవల్ దిగింది. అరచేతిలో ఇమిడే చిన్న సబ్బు, దాని మీద పూర్తి అచ్చు. అన్ని ఊళ్ళలో ధర అరవై పైసలు. ఒక్క భుయ్యాడీహ్‌లో ముప్పై ఐదు.

"ఈ ధర ఎన్నాళ్ళు సార్?" అని అడిగాను.

"వో షెడ్ బంద్ హోనే తక్," అన్నాడు మేనేజరు. ఆదిత్యపూర్ షెడ్డు మూతపడేదాకా. మూతపడ్డాక భుయ్యాడీహ్‌లోనూ అరవై చేస్తాడు. ఆ తర్వాత డెబ్బై చేసినా అడిగేవాడుండడు.

పిన్ని కొట్టుకి ఎదురుగా సీతారాం కొట్టు ఉంది. చిట్టి ధవల్ పెట్టెలు అక్కడ దించాం. పది రోజుల్లో పిన్ని గుమ్మం ఖాళీ అయిపోయింది. పప్పు బస్తా మూతి విప్పినది విప్పినట్టే ఉంది. ఆ రోజు ఆమె నన్ను పిలిచి అడిగింది.

"ముక్కల సంగతి ఆల్లకెలా తెలిసినాది?"

నేను సంచీ పట్టీ సర్దుకున్నాను. తన చేతిలో పెరిగినవాడు అబద్ధమాడినా కనిపెట్టేస్తుంది, ఊరుకున్నా కనిపెట్టేస్తుంది.

"ఎల్లు," అంది. అంతే. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. ఎదురైతే నన్ను దాటి వెనకాల గోడని చూసేది. తిట్టినా బాగుండేది. ఆ గోడ మీద ఏముందో గాని, నాకు అన్నం సయించేది కాదు.

అయితే చిత్రం, మరో పదిహేను రోజులకి ఆమె గుమ్మం మళ్ళీ నిండింది. సీతారాం కొట్టూ నిండింది. వారానికి నాలుగు పెట్టెలు అమ్మే సీతారాం నలభై అడిగాడు. స్టాకిస్టు ఆనందం పట్టలేక నాకు గోడగడియారం బహుమతిగా ఇచ్చాడు. రెండు కొట్లూ ఒకేసారి ఎలా కళకళలాడుతున్నాయో నాకు బోధపడలేదు.

బోధపడింది టాటానగర్ స్టేషన్‌లో. సరుకు రసీదుల కోసం వెళ్ళిన నాకు, ఖరగ్‌పూర్ పాసింజర్ దగ్గర రైల్వే ఖలాసీ బంగార్రాజు కనబడ్డాడు. పిన్నికి వరసకి తమ్ముడు. నాలుగు రేకు ట్రంకులు ఎక్కిస్తున్నాడు.

"ఏటి మామా, ఊరెల్తన్నావా?"

"ఊరేట్రా, ఏపారం!" అని ఒక ట్రంకు మూత ఎత్తాడు. నిండా చిట్టి ధవల్. "దొంగ సరుకు కాదురోయ్. లగేజీ రసీదుంది."

నవ్వుతూ విప్పి చెప్పాడు. భుయ్యాడీహ్ ఆడవాళ్ళంతా సీతారాం దగ్గర ముప్పై ఐదుకి కొంటారు. రోడ్డు దాటి పిన్నికి నలభైకి అమ్ముతారు. రోడ్డు దాటినందుకు సబ్బుకి ఐదు పైసలు. పిన్ని ట్రంకుల్లో పెట్టి ఖరగ్‌పూర్ పంపుతుంది. అక్కడి రైల్వే క్వార్టర్స్ నిండా మనవాళ్ళే. కొట్టులో అరవై ఉన్న సబ్బు ఇంటి గుమ్మంలోకి యాభైకి వస్తే ఎవరు వద్దంటారు? ఇక్కడి ఆడవాళ్ళు ఆ ఐదు పైసలు పెట్టి పిన్ని దగ్గరే బలరామ్ సబ్బు ముక్క కొంటారు, పప్పూ అక్కడే కొంటారు. వచ్చిన లాభంలో బలరామ్‌కి రెండో బాన కూడా కొనిచ్చిందట.

అంటే కంపెనీ బలరామ్ షెడ్డు మూయించడానికి పెడుతున్న డబ్బుతోనే షెడ్డు పెరుగుతోంది. సంతకం కూడా రాని మా పిన్ని కలకత్తా లెక్కని ట్రంకులో పెట్టి రైలెక్కించింది. ప్లాట్‌ఫారం మీద నిలబడి పిచ్చివాడిలా నవ్వాను. కళ్ళంట నీళ్ళొచ్చాయి. నా జన్మలో అంత గర్వం నాకు ఏ గడియారం వల్లా కలగలేదు.

ఎవరితోనూ అనలేదు. నెలన్నర తర్వాత మేనేజరే కాగితాలు పట్టుకుని దిగాడు. ఖరగ్‌పూర్ అమ్మకం సగానికి పడింది. భుయ్యాడీహ్‌ది పదింతలైంది. ప్రతి సబ్బు మీదా కంపెనీకి నష్టమే.

"భుయ్యాడీహ్ కే లోగ్ సాబున్ ఖాతే హైఁ క్యా?" అని బల్ల మీద కొట్టాడు, భుయ్యాడీహ్ జనం సబ్బు గాని తింటున్నారా అని. ఆ రోజు నుంచే భుయ్యాడీహ్‌లోనూ అరవై అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నువ్వు ఆ పేటవాడివి. ఇది చేసిందెవరో నీకు తెలుసు. చెబితే సూపర్‌వైజరువి. చెప్పకపోతే సంచీ ఇక్కడ పెట్టి పో."

ఒకసారి చెప్పి ఆమె కడుపు కొట్టాను. అందుకని ముందు చెప్పకూడదనే అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. పేరు చెబితే వీళ్ళు ఆమెని ఏం చేస్తారు? సబ్బు ఆపుతారు. అది ఎప్పుడో ఆపేశారు. ధర తగ్గిస్తారు. తగ్గించి చూసి ఇప్పుడే వెనక్కి తీసుకున్నారు. ఈ ఊళ్ళో రెండు వందల కొట్లు వీళ్ళకి భయపడతాయి, ఎందుకంటే పోగొట్టుకోవడానికి వాటి దగ్గర ధవల్ ఉంది. మా పిన్ని దగ్గర అది లేదు. ఉన్నది నా దగ్గర, భుజానికి వేలాడుతోంది.

సంచీ తీసి బల్ల మీద పెట్టాను.

"చెబుతాను సార్. మీ సూపర్‌వైజరు పని కోసం కాదు. ఆమె పేరు జోగమ్మ. మీరు సబ్బు ఆపేసిన కొట్టు ఆమెదే. నన్ను పెంచిన పిన్ని. ఆమెకి సంతకం రాదు."

మేనేజరు సంచీని పక్కకి నెట్టాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. తలుపు వైపు చెయ్యి చూపించాడు.

భుయ్యాడీహ్ దాకా నడిచే వెళ్ళాను. పిన్ని ఎవరికో పప్పు తూస్తోంది. నా భుజం ఖాళీగా ఉండటం చూసింది. రెండు నెలల తర్వాత మొదటిసారి గోడని కాకుండా నన్ను చూసింది.

"సంచేదిరా?"

"పోయింది పిన్నీ. ఉజ్జోగం కూడా. ఇదంతా సేసిందెవులని అడిగితే నీ పేరు సెప్పేను."

కోప్పడుతుందనుకున్నాను. తక్కెడ కింద పెట్టింది.

"ఆడేటి సేసేడు?"

"పుస్తకంలో రాసుకున్నాడు."

"ఏటని?"

"జోగమ్మ అని."

"ఉత్త జోగమ్మేనా?" పిన్ని కళ్ళెర్రజేసింది. "ఓరి ఎర్రి గుంటడా! ఈ పేటలోనే నలుగురు జోగమ్మలున్నారు. కలకత్తా వోళ్ళకి ఏ జోగమ్మని తెలుత్తాది? ఇంటిపేరు సెప్పాలని నేదేట్రా నీకు?"

"ఆడు అడగనేదు పిన్నీ."

"అడిగేదేటి! ఆడి రైలెన్నింటికి?"

"ఐదింటికి."

"మరింకా నిలబడతావేటి? పరిగెట్టు! ముద్దాడ జోగమ్మ, భుయ్యాడీహ్. దగ్గరుండి రాయించి రా. ఒచ్చేక బువ్వ తిందువు గాని."

సీతారాం సైకిలు అడగకుండానే తీసుకుని తొక్కాను. నేను ప్లాట్‌ఫారం మీదకి వచ్చేసరికి రైలు కదులుతోంది. మేనేజరు కిటికీ పక్కనే కూర్చున్నాడు. చువ్వ పట్టుకుని పరిగెడుతూ అరిచాను.

"సార్, ముద్దాడ! ముద్దాడ జోగమ్మ!"

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, జేబులోంచి పుస్తకం తీశాడు. రాయడం నా కళ్ళతో చూశాకనే చువ్వ వదిలాను.