డబుల్స్ కాదు, టాండెం

మా వదిన పనిచేసే ఆసుపత్రిని ఊరి బయటికి మార్చారు. కొత్త భవనం, గాలీ వెలుతురూ, అన్నీ బాగున్నాయట. అక్కడిదాకా బస్సు మాత్రం లేదు. వదిన ఆ ఆసుపత్రిలో ఫోన్ల దగ్గర కూర్చుంటుంది. చూపు పోయి చాలా ఏళ్లయినా, ఏ వార్డుకు ఏ బటనో ఆమె వేళ్లకు కంఠతా వచ్చు. అన్నయ్య ఉద్యోగం ఇంకో దిక్కున. సోమవారంలోగా వస్తానో రానో తేల్చకపోతే ఆ కుర్చీలో వేరేవాళ్లను కూర్చోబెడతామని ఇన్‌ఛార్జి కబురు పెట్టాడు.

"పోతే పోనీలే, ఇంటిపట్టున ఉండు" అన్నాడు అన్నయ్య, ఓదారుస్తున్నాననుకుని.

"ఉండి? అత్తయ్యతో పోటీపడి టీవీ వినమంటారా?"

నవ్వుతూనే అంది గానీ, ఆ పూట కంచం ముందు నుంచి మధ్యలోనే లేచిపోయింది.

నేను పాఠాలు చెప్పే బడి కూడా ఆ రోడ్డులోనే, ఆసుపత్రికి కాస్త ఇవతల. రోజూ సైకిల్ మీదే వెళ్తాను. "వెనక కూర్చోబెట్టుకుపో" అంది అమ్మ తేలిగ్గా. ఆ రోడ్డు చివర నిట్టనిలువు ఎగుడు ఉంది. క్యారియర్ మీద మనిషిని పెట్టుకుని ఎక్కించడం నా వల్ల అయ్యే పని కాదు. అప్పుడు గుర్తొచ్చింది, పార్కు ఎదురుగా అద్దె సైకిళ్ల దుకాణంలో గోడకు ఆనించి ఉండే పొడుగాటి సైకిల్. రెండు సీట్లు, రెండు హ్యాండిళ్లు, రెండు జతల పెడళ్లు.

వదినను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాను. దుకాణం ఆయన్ని అందరూ రెంచి బాబాయి అంటారు.

"జంట సైకిలా? కొత్త దంపతులు ఫొటోల కోసం తీసుకుంటారమ్మా. ముందు ఆయన రొప్పుతుంటాడు, వెనక ఆవిడ నవ్వుతుంటుంది. మీరిద్దరూ ఆడవాళ్లు కదా..."

"ఏం బాబాయ్, మాకు రొప్పడం రాదా?" అంది వదిన.

ఆయన దుమ్ము తుడిచి ఇచ్చాడు.

ఇంటికి తేగానే అమ్మ, "ఇద్దరెక్కితే డబుల్సే కదా, దీనికింత పొడుగెందుకు?" అంది. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లింది నేనొక్కదాన్నే. అర్థం కానిదేదైనా చివరికి నా నెత్తినే పడుతుంది. బడి లైబ్రరీలో నిఘంటువు తిరగేసి వచ్చి వదినకు చెప్పాను. దాని పేరు టాండెం. ఆ మాటకు ఇద్దరు అని కాదు, ఒకరి వెనక ఒకరు అని అర్థం. పక్కపక్కన కూర్చుని తొక్కేదైతే, ఇద్దరున్నా సరే, దాన్ని ఆ పేరుతో పిలవరు. వెనకటికి ఒకదాని వెనక ఒకటిగా గుర్రాలను కట్టిన బండిని కూడా అలాగే అనేవారట.

"అయితే నేను వెనక గుర్రాన్నన్నమాట."

"ఇద్దరం గుర్రాలమే వదినా."

"సరే, మరి వెనకదానికి పనేంటి? అది రాశారా?"

రాయలేదు. నాకూ తట్టలేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. నేను బ్రేకులు పట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడితే, వదిన సీటు తడుముకుని ఎక్కింది. ఆమెకు శ్రమ కలగకూడదని, "కాళ్లు ఊరికే పెట్టుకో వదినా, తొక్కడం నేను చూసుకుంటా" అన్నాను. రద్దీ లేని రోడ్డు. సైకిల్ కాసేపు బాగానే సాగింది. ఒక మలుపులో నేను తొక్కడం ఆపాను.

"అబ్బా!" అంది వదిన. "మోకాళ్లు ఊడొచ్చాయి. ఆపితే చెప్పవేమే?"

గుంట వచ్చింది. చెప్పలేదు. ఆమె ఎగిరిపడింది. ఎగుడు మొదలయ్యేసరికి సైకిల్ తాగినవాడిలా ఊగి, కాలువ పక్కన ఆగిపోయింది. ఇద్దరం దిగాం.

"ఇది కుదరదేమో వదినా" అన్నాను.

వదిన రోడ్డు పక్కన చతికిలబడి సైకిల్‌ను తడమడం మొదలుపెట్టింది. ముందు పెడల్ తిప్పింది. రెండో చెయ్యి వెనక పెడల్ మీద ఉంచి, "ఇదీ తిరుగుతోందే!" అంది. ఎడమవైపు గొలుసు ఒకటి ముందు పెడళ్లనూ వెనక పెడళ్లనూ కలుపుతోంది. కుడివైపు గొలుసు వెనక చక్రానికి పోతోంది. గ్రీజు అంటిన వేళ్లతో మళ్లీ మళ్లీ తిప్పి చూసింది. నేనూ పక్కన కూర్చుని చూశాను. ఇన్నాళ్లూ సైకిల్ తొక్కుతున్నాను గానీ, ఎప్పుడూ ఇలా వంగి చూసింది లేదు.

"చూశావా? ఊరికే పెట్టుకోమన్నావు. నేను ఊరికే పెట్టుకున్నా, నా కాళ్లు నీ కాళ్లతోపాటే తిరుగుతాయి. తిరిగే కాళ్లు బరువు మోయకపోతే, ఆ బరువూ నీదే. నన్ను మూటలా మోస్తున్నావే పిచ్చిదానా. అత్తయ్య అన్న డబుల్స్ ఇదే."

"నీకు శ్రమని..."

"శ్రమ నాది. కళ్లు మాత్రం నీవి అప్పివ్వు. ఇంట్లో నోట్లో ముత్యాలు దాచుకున్నట్టుంటావు, ఇక్కడ కుదరదు. నోరు తెరువు."

మళ్లీ ఎక్కాం. ఈసారి మాట్లాడాను. "మలుపు, ఎడమకి. గుంట. ఆపుతున్నా. మళ్లీ తొక్కు." పాఠం చెప్పేటప్పుడు తప్ప నేనింత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. "కుక్క అడ్డం వచ్చింది" అంటే, "ఏ రంగు?" అంటుంది వదిన. "గోధుమరంగు, వదినా, ఊరుకో!"

ఎగుడు సగంలో నా తొడలు వణికాయి. దిగి నెట్టుకుపోదామని చెప్పబోతుంటే, నా పాదాల కింద పెడల్ దానంతటదే దిగింది. మళ్లీ దిగింది. వెనకనుంచి కమ్మరి కొలిమితిత్తిలాంటి ఊపిరి. వెనక గుర్రం పనేమిటో అప్పుడు తెలిసింది.

ఆసుపత్రి గేటు ముందు ఆగాక వదిన చీరకొంగుతో మొహం తుడుచుకుని, అక్కడే ఇన్‌ఛార్జికి ఫోన్ చేసింది.

"వస్తున్నాను సార్. లేదు సార్, ఎవరూ దింపరు. ఇద్దరం తొక్కుకుంటూ వస్తాం... అది మీకు తర్వాత చూపిస్తాను. పొద్దుటి షిఫ్టా? ఉండండి, అడిగి చెప్తాను."

ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నావైపు తిరిగింది.

"పొద్దుటి షిఫ్టట. లేవగలవా?"

"లేస్తాను" అన్నాను, ఇంకా రొప్పుతూనే.