షటర్ దించిన సద్దుల పండుగ

తెలుగు నేతవాళ్ల సమాజం పెద్దలారా, మిమ్మల్నే అడుగుతున్నాను. కరోనా వల్ల ఈ ఏడు గుజరాతీల గర్బా ఆటకే సర్కారు పర్మిషన్ ఇవ్వలేదని మీకు తెలుసు. తెలిసే సద్దుల బతుకమ్మను మగ్గాల షెడ్డులోకి తోలారు. పాట పోలీసులకు వినబడకూడదని షటర్ దించారు. నూరు మంది ఆడవాళ్ల ఊపిరి ఎటు పోతుందని మీలో ఒక్కడైనా అడిగాడా? కార్పొరేషన్ ఎన్నికలు వస్తున్నాయి. సమాజం అధ్యక్షుడు రాజలింగానికి టికెట్టు కావాలి. టికెట్టుకు గుంపు వీడియో కావాలి. అంతే.

ఆ సాయంత్రం వలస నేతగాళ్లుండే డిండోలిలోని ఒక్క గది ఇంట్లో బుచ్చవ్వ సద్దులకు నువ్వులు వేయిస్తోంది. కోడలు వినోద గడప దగ్గర కూర్చుని చీరకు రాళ్లు అంటిస్తోంది. చీరకు పన్నెండు రూపాయలు. పండుగని పని ఇచ్చే సేఠ్ ఆగడు. ఉన్నట్టుండి మాడు కంపు ముక్కుకు కొట్టింది. వినోద లోపలికి పరుగెత్తింది. మూకుడులోంచి పొగ లేస్తుంటే బుచ్చవ్వ నిమ్మళంగా కలుపుతూనే ఉంది.

"అత్తా, మాడుతున్నయ్."

"ఏడ మాడుతున్నయ్? ఇంక పచ్చిగనే ఉన్నయ్."

బుచ్చవ్వ కళ్లకు పొరలు. నలభై ఏళ్లుగా ఆమె నువ్వులు వేయించేది వాసన పట్టే. వినోద మూలన పేర్చి పెట్టిన బతుకమ్మలోంచి ఒక బంతిపువ్వు లాగి, నలిపి, అత్త ముక్కు దగ్గర పెట్టింది.

"ఏమన్న వస్తుందా?"

బుచ్చవ్వ దగ్గి, తల దించుకుంది. "నాల్గొద్దుల సంది ఏం వస్తలేదు. ఎవ్వలకు చెప్పకు బిడ్డా. నా కొడుకు పరమేశ్‌ను మగ్గం కాడికి రానియ్యరు. రూమ్ ఖాళీ చెయ్యమంటరు. రోగమొచ్చిందని గంగారాం ఇంటికి తాళమేసి నీళ్లన్న ఇచ్చిండ్రా?"

నిజమే. గంగారాం పిల్లలు కిటికీలోంచి గిన్నె చాపడం వినోద కళ్లారా చూసింది.

"నాయనమ్మా, బహార్ మత్ జా, బయటికి పోకు," అంది వినోద పదిహేనేళ్ల బిడ్డ హారతి. "వీడియో కాల్ పెడ్త, ఈణ్నే పాడు."

"ఫోన్‌ల గౌరమ్మకు పసుపు ఎట్ల పెడ్తరే? సద్దుల నాడు నేను పాట ఎత్తని ఏడు లేదు."

పాట ఎత్తేది బుచ్చవ్వే. వలయం మధ్యలో నిలబడి గొంతెత్తుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు అందుకుంటారు. ఆట అయ్యాక సద్దులు ముద్దలు చేసి అందరి చేతుల్లో పెట్టేదీ ఆమే. మూసిన షెడ్డులో, ఈ దగ్గుతో.

అప్పుడే రాజలింగం వచ్చాడు. మాస్కు గడ్డం కింద, చేతిలో వీడియో తీస్తున్న ఫోను.

"వదినె, అందరచ్చిండ్రు. నువ్వు లేకుంటె పాటెవ్వలెత్తాలె? జర జల్ది రా."

బుచ్చవ్వ కొంగు నోట్లో కుక్కుకుని దగ్గు మింగింది. బతుకమ్మను ఎత్తుకుంది. వినోద తలుపుకు అడ్డం నిలబడింది.

"జరుగు," అత్త గుసగుసలాడింది. "ఇజ్జత్ తియ్యకు."

వినోద జరగలేదు. నోరు విప్పితే మొగుడి మగ్గం పోతుంది. విప్పకపోతే ఎన్ని ఇళ్లకు రోగం పాకుతుంది?

"మామా, మా అత్తకు వాసన తెలుస్తలేదు. నాలుగు దినాలాయె."

రాజలింగం రెండడుగులు వెనక్కి వేశాడు. మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు.

"మెల్లగ చెప్పు బిడ్డా. గీ ముచ్చట బయట పడనియ్యకు. ఆమెను పండుకోనీ. నువ్వు, నీ బిడ్డ రాండ్రి."

పై అంతస్తులో ఇంటి ఓనరు కిటికీ తెరుచుకుంది. ఎదురింటి వాళ్లు చటుక్కున తలుపేసుకున్నారు. అయినా వినోద తగ్గలేదు.

"మేం రాము. నాకేం ఉందో నాకెర్క లేదు, నా బిడ్డకేం ఉందో ఎర్క లేదు. ముందు షటర్ ఎత్తుండ్రి. ఆడోళ్లను ఇండ్లకు పంపుండ్రి. టెస్టు బండిని తెచ్చి గల్లీల నిలవెట్టుండ్రి. నీ వీడియో ఇంక నడుస్తనే ఉంది గద మామా? రోగమొచ్చినోని మగ్గం పోదు, రూమ్ పోదు అని అండ్లనే చెప్పు. ఇప్పుడే చెప్పు."