సంచులు కోసే కత్తి

పళ్లతో దారం తెంపబోతే ముందు పన్ను చివర విరిగి నాలుక మీద పడింది. నూకంత ముక్క. షాహనా దాన్ని అరచేతిలోకి ఊసుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, చేతిరుమాలులో మడిచి పెట్టుకుంది. బల్ల మీద ఇంకా ఇరవైరెండు సంచులున్నాయి.

కృష్ణపట్నం దారిలో ఉన్న రొయ్యల మేత కంపెనీలో ఆమెది శాంపిళ్ల గది. సోయా పిండి, చేప పిండి, తవుడు, ఏ లారీ వచ్చినా అందులోంచి ఒక చిన్న సంచి ఆమె బల్ల మీదికి రావాల్సిందే. మూతి కుట్టేసి, పైన ప్లాస్టిక్ పట్టీ బిగించి ఉంటుంది. విప్పి, తూచి, చీటీ రాసి ల్యాబుకు పంపాలి. ఆఫీసు మొత్తానికి ఉన్న ఒక్క కట్టరు స్టోర్సు జయకుమార్ దగ్గర ఉంటుంది. అడిగితే ఇస్తాడు. ఇచ్చే ముందు మాత్రం ప్రతిసారీ గదంతా వినబడేట్టు, "జాగ్రత్తన్నా, మేడమ్ చేతికి కత్తి వస్తా ఉండాది" అంటాడు. అందరూ నవ్వుతారు. షాహనా కూడా నవ్వేది. అలా మూడేళ్లు నవ్వింది. ఇక నవ్వలేకే ఈమధ్య గోళ్లతో, బీరువా తాళంచెవితో, చివరికి పళ్లతో పని కానిస్తోంది. తనకొక కట్టరు ఇప్పించమని మేనేజరు విజయభాస్కర్‌ను అడిగింది కూడా. "చూద్దాంలేమ్మా, ఉన్నదాంతో సర్దుకో" అన్నాడాయన. ఆ మాట అన్నది మొన్నటి వేసవిలో.

ఆ సాయంత్రం వెంకటాచలంలో ఇంటికి వచ్చి, బుర్ఖా తీసి కొక్కేనికి తగిలించి, ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చుంది.

"ఆఫీసుకు ఒక చిన్న కత్తి కొనుక్కుంటా" అంది తరుగుతూనే.

భర్త ఆఫ్తాబ్ ఫోన్లోంచి తలెత్తాడు. "కత్తా? ఎవడన్నా ఏమన్నా అన్నాడా మే?"

"ఎవురూ ఏమనలా. సంచులు కోసుకునేదానికి."

"నా దగ్గర దాచబాక. ఏమన్నా ఉంటే చెప్పు, నేనొచ్చి మాట్లాడతా."

అతని గొంతులో ఆదుర్దా నిజమైనదే. ఆఫ్తాబ్ ఏసీలు బాగుచేస్తాడు. అతని పనిసంచిలో స్క్రూడ్రైవర్లే ఏడు రకాలున్నాయి. ఒకటి కనబడకపోతే ఇల్లు తలకిందులు చేస్తాడు. తన భార్యను ఎవరో వేధించారంటే చొక్కా తొడుక్కుని బయల్దేరే మనిషికి, తన భార్యకు కూడా ఒక పనిముట్టు అవసరం పడుతుందన్న ఊహే తట్టలేదు.

గడప దగ్గర గోంగూర గిల్లుతున్న అత్త షంషున్నీసా అందుకుంది. "ఆడమనిషి బ్యాగులో కత్తేందిమే? బస్సులో ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు? ఇంట్లో మూడు కత్తులుండాయి కదా, చాలవా?"

ఆ మూడు కత్తులతో రోజూ రెండు పూటలా కోసేది షాహనాయే. పండగకు పది కిలోల మాంసమైనా అవలీలగా కోస్తుంది. అప్పుడు ఆమె చేతిలో కత్తి చూసి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఈ మాట నోటిదాకా వచ్చింది. పన్ను విరిగినచోట నాలుక గుచ్చుకుంటుంటే, మాట మింగేసి ఉల్లిపాయ ముక్కలు నూనెలో వేసింది.

రెండో శనివారం నెల్లూరు చిన్నబజారుకు ఒక్కతే వెళ్లింది. ఇనుప సామాన్ల కొట్లో పద్మనాభయ్య అనే పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, ఏం కావాలని కూడా అడగకుండా గులాబీరంగు పిడి ఉన్న పండ్ల కత్తి తీసి ముందు పెట్టాడు. "ఆడోళ్లంతా ఇదే తీసుకుంటా ఉండారమ్మా."

"ఇది కాదన్నా. మడత కత్తి. జేబులో పట్టేది."

"సారుకా?"

"నాకే."

ఆయన ఒక్క క్షణం చూసి, లోపలి నుంచి అట్టపెట్టె తెచ్చి గాజుబల్ల మీద గుమ్మరించాడు. షాహనా కుర్చీ లాక్కుని కూర్చుంది. మొదటిది మీట నొక్కగానే టక్కున లేచి నిలబడింది. అది తీసుకెళితే జయకుమార్‌కు ఏడాదికి సరిపడా నవ్వు దొరుకుతుంది. పక్కన పెట్టేసింది. రెండోదానికి సీసామూత తీసేదీ, కత్తెరా, చెవిపుల్లా అన్నీ ఉన్నాయి, కానీ అసలు కత్తి పల్చటి రేకుముక్క. మూడోది చూడ్డానికి ముచ్చటగా ఉంది. తెరిచి బొటనవేలితో పక్కకు నొక్కితే కత్తి అలుగు వదులుగా కదిలింది. నాలుగోది నల్లపిడి, నున్నటిది, మడిస్తే చూపుడువేలంత. తెరిచాక లోపల చిన్న బద్ద అడ్డంపడి బిగుసుకుంటుంది, ఆ బద్ద పక్కకు జరిపితేగానీ వేళ్ల మీదికి మూసుకోదు. షాహనా అంచును బొటనవేలి గోరు మీద ఆనించి చూసింది. జారలేదు, పట్టుకుంది. పాత పేపరు అడిగి తీసుకుని పైనుంచి కిందికి ఒక్క గీత గీసింది. చప్పుడు లేకుండా రెండయింది.

"నీకెవురు నేర్పించినారమ్మా?" అన్నాడు పద్మనాభయ్య.

"మా నాయన దరియావలి. కత్తులకు సాన పట్టేవోడు. చక్రం నేనే తిప్పేదాన్ని."

చెబుతుంటే ఆమెకే వింతగా అనిపించింది. పెళ్లయిన పదకొండేళ్లలో ఈ సంగతి ఎవరూ అడగలేదు. ఊరందరి కత్తుల పదును తెలిసిన పిల్ల తనకని ఒక కత్తి ఉండాలని ఎన్నడూ అనుకోలేదు. ఆ మాటకొస్తే తనకని ఏం ఎంచుకుంది? పెళ్లిచీర పెద్దాడబిడ్డ ఎంచింది. వాడుతున్న ఫోను ఆఫ్తాబ్ పాతది. భుజాన ఉన్న బ్యాగు చెల్లెలు వద్దనుకుంటే వచ్చింది. ఇంట్లో ఏది కొన్నా ముందు అందరికీ నచ్చాలి, తర్వాత చవగ్గా ఉండాలి, ఆ తర్వాతెప్పుడో తన వంతు. ఈ గంటసేపు ఎవరికి నచ్చుతుందో ఆలోచించకుండా తన చేతికి ఏది ఒదిగిందో అదే చూసుకుంది. రెండొందల అరవై ఇచ్చి బయటికి వచ్చాక, మిఠాయి కొట్టు నీడలో నిలబడి బ్యాగులో చెయ్యి పెట్టి మరోసారి తడిమింది.

సోమవారం పదకొండింటికల్లా సంచులన్నీ అయిపోయాయి. జయకుమార్ వచ్చి చూసి, "అబ్బో, మేడమ్ సొంతంగానే తెచ్చుకున్నారే" అన్నాడు. షాహనా చీటీ రాసుకుంటూ "అవునన్నా" అని ఊరుకుంది. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అందులో ఏమీ లేకపోయింది.

గురువారం మద్రాసు నుంచి కొనుగోలుదార్లు వచ్చారు. మధ్యాహ్నం విజయభాస్కర్ గది నుంచి కబురు వస్తే వెళ్లింది. బల్ల మీద ఆపిళ్లు, బొప్పాయి, ఖాళీ పళ్లెం. చుట్టూ ఏడుగురు మగవాళ్లు. వాళ్లలో జయకుమార్ ఒకడు.

"రామ్మా. నీ దగ్గర మంచి కత్తి ఉండాదంట కదా. ఈ పండ్లు కొంచెం కోసిపెట్టు" అన్నాడు విజయభాస్కర్. మర్యాదగానే అన్నాడు.

షాహనా ఆపిళ్ల వంక చూసింది. ఏడాదిగా కట్టరుకు దిక్కులేదు. పండ్లు రాగానే కత్తి ఎవరిదగ్గరుందో అందరికీ గుర్తొచ్చింది. కోసేయొచ్చు. ఐదు నిమిషాల పని. కోస్తే రేపటి నుంచి అది పండ్ల కత్తి, తను పండ్లు కోసే మనిషి.

"అది సంచులు కోసే కత్తి సార్" అంది. "చేప పిండి అంటుకొనుంటాది. పండ్లకు పనికిరాదు. జయకుమారన్న కట్టరు శుభ్రంగా ఉండాది, ఈమధ్య ఎవురూ అడగలా."

గదిలో ఎవరో దగ్గారు. వచ్చినవాళ్లలో పెద్దాయన, "వాస్తవమే కదండీ" అని తనే ఒక ఆపిలు తీసుకుని కొరికాడు. విజయభాస్కర్ ఖాళీ పళ్లెం పక్కకు జరిపాడు. షాహనా తన గదికి తిరిగి వచ్చి తర్వాతి సంచి పట్టీ కోసింది.

సంగతి ఆమెకంటే ముందే ఇంటికి చేరింది. జయకుమార్ ఇంటి ఏసీ చూసేది ఆఫ్తాబే.

"సారు అంతమందిలో అడిగితే కాదన్నావంట" అన్నాడు. కోపం కంటే అతని ముఖంలో భయమే ఎక్కువగా ఉంది. "ఉద్యోగం పోతే? రోజూ ఇంట్లో కోసేదే కదా. ఆ నాలుగు పండ్లు కోసిస్తే ఏం పోయుండేది?"

షాహనా అన్నం గిన్నె వంచి గంజి వార్చింది. ఏదో పోయుండేది. దానికి పేరు మాత్రం దొరకడం లేదు.

మంచం మీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుతున్న షంషున్నీసా వేళ్లు ఆగాయి.

"నలభై ఏండ్లు కోసిచ్చినాను రా" అంది కొడుకు వైపు చూస్తూ. "ఏం పోతాదో నన్నడుగు."