ఆరిపోయేదాకా

మూడు లాప్‌టాప్‌లూ నూరు శాతం ఛార్జి ఎక్కాయో లేదో చూడాలి. తెరల వెలుతురు సగానికి తగ్గించాలి. మూడింట్లోనూ ఒకే సినిమా, మళ్ళీ మళ్ళీ ఆడేలా పెట్టాలి. మూతల మీద వేలిముద్రలు తుడవాలి. పదినిమిషాలకోసారి శాతం రాసుకోవాలి. ఏది ఎప్పుడు ఆరిపోతే ఆ లెక్క అట్టముక్క మీదికెక్కించి అద్దాల అరలో నిలబెట్టాలి. వీలైతే గ్యాసు మాత్ర కొనుక్కోవాలి. తెల్లారినప్పటినుంచీ గుండెల్లో మంటగా ఉంది.

తొమ్మిది కాగానే మూడు ప్లగ్గులూ పీకేసి, దుకాణం వెనకగదిలో స్టూలు మీద కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నటి మెడ, జేబులో మూడు పెన్నులు. ఒకప్పుడు రేడియోలు, తర్వాత టీవీలు, ఇప్పుడివి. అందరూ అతన్ని గడియారం అనే పిలుస్తారు. పెళ్ళి మాటెత్తితే "టైమెక్కడిది?" అనేవాడు. గడియారానికే టైము లేదట అని నవ్వుకునేవాళ్ళు.

అంతకుముందే, దుకాణం తెరవగానే, ఒక బస్సు డ్రైవరు కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. మూణ్ణెల్లలో ఆ పిల్లకి పరీక్ష. ఆరు గంటలపాటు. ఎవరి లాప్‌టాప్ వాళ్ళే తెచ్చుకోవాలి, హాల్లో ప్లగ్గులుండవు.

"ఈ వెండిరంగుది ఎంత సన్నగా ఉందో చూడు నాన్నా!"

"సన్నగా ఉంటే మార్కులేస్తారా?"

"సాయంత్రం ఐదుకి రండమ్మా. చూసి చెప్తాను," అన్నాడు గడియారం.

వాళ్ళు వెళ్ళాక యజమాని విసుక్కున్నాడు. "డబ్బా మీద తొమ్మిది గంటలని అచ్చేసి ఉంది కదయ్యా. ఆ ముక్క చెప్పి పంపక, రోజంతా దీని ముందు తపస్సెందుకు?"

నిరుడు అలాగే చెప్పి పంపాడు. డబ్బా చూసి తొమ్మిది అని రాసిపెట్టాడు. ఇదే పరీక్షకి కొనుక్కెళ్ళిన ఒకమ్మాయి, పరీక్ష మర్నాడు తిరిగొచ్చింది. కేకలేయలేదు. లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, "నాలుగున్నర గంటలకే ఆగిపోయింది సార్. మీరు చూసే రాశారా?" అంది. జవాబు కోసం ఆగలేదు. లాప్‌టాప్ వెనక్కి తీసుకోనూ లేదు. అప్పటినుంచీ ఏ తెర ఆరినా, ఆ నల్లటి అద్దంలో తన మొహం వెనక ఆమె నిలబడే ఉంటుంది. అతను తిరిగి చూడడు. వెనక ఉన్నది గోడేనని తెలుసు.

నల్లది మొద్దుగా ఉన్నా చురుకైనది, ఏది నొక్కినా చటుక్కున తెరుచుకుంటుంది. కానీ ఫ్యాను రొద, అడుగున ఇస్త్రీపెట్టె వేడి. ఒంటిగంటా ఇరవైకి ఆరింది. వెండిది అందగత్తె, నాలుగు పనులు ఒక్కసారి చెప్తే మాత్రం నత్తనడక. ఇంకా ఇరవై శాతం ఉందని చూపిస్తూనే, రెండూ పదికి చెప్పాపెట్టకుండా ఆరిపోయింది. రెండుసార్లూ ఆమె కనబడింది. రెండుసార్లూ అతను తల దించుకుని నిమిషం రాసుకున్నాడు.

నీలంది మిగిలింది. ప్లాస్టిక్ ఒళ్ళు, ఏ షోకూ లేదు. నిదానమే, కానీ రాసుకోవడానికి తడబడదు.

మూడింటికి బిల్లు కౌంటరామె తొంగిచూసింది. "ఆరు గంటలు నిండాయి బాబాయ్. నీ నీలం కోడలు గెలిచింది. ఇక లేచి ఇంత తిను."

"కొత్తలో ఆరైతే మూణ్ణెల్లకి ఐదున్నరే. ఎంత మిగులుందో చూడాలి తల్లీ."

"మొహం చూసుకున్నావా, ఎలా పాలిపోయిందో!"

"గ్యాసులే."

మూడూ యాభైకి రాశాడు. నాలుగింటికి ఆమె టీ తెచ్చేసరికి తల గోడకి ఆనించి ఉన్నాడు. కళ్ళు తెరవైపే ఉన్నాయి. సినిమా ఆడుతోంది. ఆమె పిలిచింది, భుజం కుదిపింది, ఆ తర్వాత అరిచింది. పక్కవీధి డాక్టరు వచ్చి నాడి చూసి, చెయ్యి మెల్లగా ఒళ్ళో పెట్టేశాడు. యజమాని అంబులెన్సులో వెంట వెళ్ళాడు.

ఐదింటికి డ్రైవరూ కూతురూ వచ్చారు.

"పెద్దాయన ఏరమ్మా?"

"పోయారన్నా, ఇందాకే." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "మూడూ యాభై దాకా ఆయన చూశారు. మిగతాది నేను చూస్తున్నా. ఇంకా ఆరలేదు. కూర్చోండి."

ముగ్గురూ నీలందాని తెరవైపు చూస్తూ కూర్చున్నారు. ఐదూ ఇరవై అయిదుకి నీలంది ఆరింది. ఆమె అట్టముక్క మీద రాసింది: ఎనిమిది గంటల ఇరవై అయిదు నిమిషాలు. పిల్ల వెండిరంగు దానివైపు మళ్ళీ చూడలేదు. నీలందే పట్టుకెళ్ళింది.

మీరెప్పుడైనా ఏదైనా కొనబోయినప్పుడు అట్టముక్క మీద ఇలా తొమ్మిదీ పదీ కాని అంకె కనిపిస్తే, గడియారం అనే మనిషిని ఒక్కసారి తలుచుకోండి. వెనకగది గుమ్మం పక్కన, కుడి మడమ అరిగిన అతని చెప్పులు, విడిచినవి విడిచినట్టే ఉన్నాయి.