ఇంటివరకే లెఫ్టినెంటు

మా అన్నయ్య సైన్యంలో చేసింది సార్జెంటు ఉద్యోగం. ఆఖరి రోజు సాయంత్రం మాత్రం లెఫ్టినెంటుగా ఇంటికొచ్చాడు. మచ్చ లేకుండా సర్వీసు ముగించిన వాళ్లకు చివరి రోజున పైహోదా ఒకటి గౌరవంగా ఇచ్చి పంపడం అక్కడి ఆనవాయితీ. ఆ హోదాతో ఎవరినీ ఆజ్ఞాపించడానికి ఉండదు. తలుపు మీద రాసుకోవచ్చు. ఏటా జరిగే కవాతుకు భుజాల మీద నక్షత్రాలు పెట్టుకుని వెళ్లొచ్చు. పోయినప్పుడు ఆ హోదాకు తగ్గ మర్యాదతో సాగనంపుతారు.

వదిన వెంటనే ఇత్తడి పలక చేయించింది. సైనికుల క్వార్టర్లలో ఉన్నన్నాళ్లూ నీళ్ల పంపు దగ్గర ఆఫీసర్ల ఇళ్లవాళ్లు వస్తే బిందె పక్కకు జరుపుకుని నిలబడిన మనిషి ఆవిడ. ఆ పలకను రోజూ పొద్దున్నే తుడిచేది.

"ఎంత తోమినా అది ఇంటివరకే లెఫ్టినెంటు. గేటు దాటితే సార్జెంటునే" అనేవాడు అన్నయ్య.

"గేటు బయట కూడా అందరూ లెఫ్టినెంటు గారనే పిలుస్తున్నారు."

"పాలవాడు పిలుస్తున్నాడు. రేపు యుద్ధమొస్తే వాణ్ణి వెంటేసుకుని వెళ్తాలే."

యుద్ధమేమీ రాలేదు గాని పిలుపు వచ్చింది. సర్వీసు ముగిశాక కూడా కొన్నేళ్లు రిజర్వులో ఉండాలి, పిలిస్తే వెళ్లాలి. ఆ గడువు ఇంకా తీరలేదు. వచ్చిన ఉత్తర్వులో సార్జెంటు అని ఉంది. వదిన అది పొరపాటనుకుంది. పై ఆఫీసుకు ఒక ముక్క రాయమని నన్ను అడిగింది. బడిపంతులమ్మను గనక ఇంట్లో అర్జీలన్నీ నావే.

"ఏం రాయక్కర్లేదు చెల్లాయ్" అన్నాడు అన్నయ్య. "చేసిన పనికి పిలుస్తారు. ఇచ్చిన గౌరవానికి ఎవరు పిలుస్తారు?"

నక్షత్రాలు కుట్టిన ఎదురింటి టైలరే వచ్చి వాటిని విప్పాడు. భుజానికొకటి. బ్లేడుతో ఒక్కొక్క దారమే కోస్తూ, "లెఫ్టినెంటు గారూ, నా చేతిపని నా చేతే విప్పిస్తున్నారు. ఇదేం బాగాలేదు" అన్నాడు.

"జాగ్రత్తగా విప్పు. మళ్లీ నువ్వే కుట్టాలి."

చొక్కా చేతికి సార్జెంటు పట్టీలు కుట్టించుకున్నాడు. నక్షత్రాలను వదిన గుండీలు దాచుకునే రేకు డబ్బాలో పెట్టింది. వాటి చోట భుజం మీద సూది గుర్తులు మిగిలాయి. అన్నయ్య గోటితో రుద్ది చూశాడు. పోలేదు.

సరుకుల డిపోలో లారీల పని అప్పగించారు. ఆదివారాలు ఫోను చేసేవాడు, వదినా నేనూ కలిసి వినేవాళ్లం. ఒకసారి, కొండ దారికి పంపే లారీకి బ్రేకులు సరిగా పట్టడం లేదన్నాడు. డిపో అధికారికి చెబితే, "ఇంటికి పంపినా ఈ సణుగుడు పోలేదా సార్జెంట్?" అన్నాడట.

"మీరు లెఫ్టినెంటని చెప్పకపోయారా?" అంది వదిన.

"చెబితే సెల్యూట్ కొట్టి మరీ అదే లారీ ఎక్కిస్తాడే."

ఆ మాటకు మేము ముగ్గురం నవ్వాం. తర్వాతి ఆదివారం ఫోను రాలేదు. కొండ దిగుతూ లారీ లోయలో పడింది. డ్రైవరు దెబ్బలతో బతికాడు. అన్నయ్య బతకలేదు.

ఆ వారమంతా తరగతిలో హాజరు పిలవలేకపోయాను. పేరు పిలిస్తే ఎవరో ఒకరు పలుకుతారు కదా.

వార్త తెలిసిన మర్నాడు ఒక కుర్ర కెప్టెన్ మా ఇంటికొచ్చాడు. టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. తనకు కవాతు నేర్పింది మా అన్నయ్యేనని చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ దుఃఖం నిజమైనదే. అప్పటికి వదిన రేకు డబ్బా తెరిచి, సూదిలో దారం ఎక్కించుకుని కూర్చుని ఉంది. పొద్దుటినుంచి ఆవిడ నోట వచ్చింది ఒకటే మాట: ఆయన భుజాల మీద నక్షత్రాలు ఉండాలి.

"డ్యూటీలో పోయారు కాబట్టి రూలు ప్రకారం సార్జెంటు మర్యాదేనండీ" అన్నాడు కెప్టెన్. "ఇంట్లో పోయి ఉంటే లెఫ్టినెంటు మర్యాద దక్కేది. నాకే మనసొప్పలేదు. పైవాళ్లతో మాట్లాడాను. ముందురోజే రిజర్వు నుంచి విడుదల చేసినట్టు చూపిస్తాం. అప్పుడు జెండా, బూరా, పూర్తి దళం, అన్నీ వస్తాయి."

వదిన నా వైపు చూసింది. ఆవిడ ముఖం కాస్త తేరుకుంది. నేను అడక్కుండా ఉండలేకపోయాను.

"విడుదలైతే లారీలో ఎందుకున్నట్టు?"

"ఇంటికి బయల్దేరి, దారిలో ఎక్కినట్టు."

"బ్రేకుల సంగతి ఎవరు విచారిస్తారు?"

అతను టోపీ అంచు సవరించుకున్నాడు. "డ్యూటీలో లేని మనిషికి మా విచారణ ఉండదండీ."

 వదిన సూదిని దారపుండకు గుచ్చేసింది.

"ఆయన ఊరికే షికారుకు ఎక్కలేదు బాబూ. బ్రేకుల్లేవని తెలుసు. ఎక్కమన్నారు కాబట్టి ఎక్కారు. ఆ సంగతి తేలాలి. సార్జెంటుగానే పంపండి."

అంత్యక్రియలకు నలుగురు సైనికులు వచ్చారు, ఒక జెండా వచ్చింది. బూరా రాలేదు. సార్జెంటుకు అధికారి హాజరు కానక్కర్లేదట. కుర్ర కెప్టెన్ సెలవు పెట్టి, మామూలు బట్టల్లో వచ్చి చివర్న నిలబడ్డాడు.

టైలరు నా పక్కకొచ్చి, "ఏమ్మా, మన లెఫ్టినెంటు గారికి బూరా ఊదరా?" అని మెల్లగా అడిగాడు. వదిన విన్నది. తల తిప్పలేదు.

విచారణ చాలాకాలం సాగింది. వదిన పలక తుడవడం మానేసింది గాని దాన్ని తీయలేదు. ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి కెప్టెన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"బ్రేకులు పాడై ఉన్నాయని తేలిందండీ" అన్నాడు.

"ఎవరిది తప్పన్నారు?" వదిన అడిగింది.

"బండి బాగోగులు బండిలో ఉన్న పెద్ద ర్యాంకు మనిషి చూసుకోవాలని రూలు. డ్రైవరు మామూలు సిపాయి. అతనికన్నా పెద్ద..." అక్కడ ఆగిపోయాడు.

"సార్జెంటు" అంది వదిన.

"అవునండీ."

"మరి ఆయన ముందే చెప్పిన మాట?"

"అలా ఎవరూ చెప్పలేదని డిపోలో అన్నారండీ."

"ఆ రోజు మీరన్నట్టే లెఫ్టినెంటుగా ఒప్పుకుని ఉంటే?" అన్నాను నేను.

"గౌరవ హోదాకు బాధ్యత ఉండదండీ" అన్నాడతను, నా వైపు చూడకుండా.

వదిన లోపలికి వెళ్లి రేకు డబ్బాతో తిరిగి వచ్చింది. అందులోని గుండీలన్నీ కొంగులో పోసుకుని, నక్షత్రాలు మాత్రం ఉన్న డబ్బాను అతని చేతిలో పెట్టింది.

"ఇవి ఆయనవండీ, మీ దగ్గరే ఉండాలి" అన్నాడతను.

"ఆయనవైతే ఆయనతోనే పోయేవి. తీసుకెళ్లండి బాబూ. ఇంకెవరినైనా ఇంటికి పంపేటప్పుడు పనికొస్తాయి."

అతను మూత తెరిచి, రెండూ ఉన్నాయని చూసుకుని, జేబులో వేసుకున్నాడు. వదిన తలుపు వేసింది. కొంగు జారి గుండీలు నేలంతా దొర్లాయి. ఇద్దరం వంగి ఏరుతూ కూర్చున్నాం.