ఒటిలీ బొంత

ఆగస్టు నెలలో, సముద్రపొడ్డునున్న మోబీల్ ఊళ్లో గోడలకు కూడా చెమట పడుతుంది. పొద్దున ఆరేసిన తువ్వాలు సాయంత్రానికీ ఆరదు. డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వెయ్యకపోతే ఉప్పు గడ్డకట్టి కూర్చుంటుంది. పాత ఇళ్లలో అటక మీదుగా పోయే రేకు గొట్టాల సంగతి చెప్పనే అక్కర్లేదు. లోపల ఏసీ చల్లగాలి, బయట కొలిమి వేడి. ఆ రెంటి నడుమ రేకు తడిసి కారుతూనే ఉంటుంది. తడి ఉన్నచోట బూజు, బూజు ఉన్నచోట దగ్గు. దగ్గు ఉన్న ఇంటి ముందు ఇవాళో రేపో లుసెట్ షస్టాంగ్ వ్యాన్ ఆగేది.

ఇరవై రెండేళ్లుగా ఆమెకు అదే పని. పొద్దున్నే అయిదింటికి లేచి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, జుట్టు బిగించి గుడ్డ కట్టుకుని, బ్రష్షులూ పైపులూ వ్యాన్లోకి ఎక్కించేది. ఇంట్లోకి చల్లగాలి వదిలే గ్రిల్లులన్నిటికీ ప్లాస్టిక్ అంటించి, అటకెక్కి పెద్ద గొట్టం రేకుకు ఓ కిటికీ కోసి, అందులో వాక్యూమ్ పైపు బిగించేది. ఆ గొట్టాల్లోంచి ఎన్ని బయటపడేవో! హెయిర్ పిన్నులు, బొమ్మ సిపాయిలు, పంపని ఉత్తరాలు, ఎండి అట్టలా మారిన ఉడతలు. మొదటినుంచీ మొగుడు ఎమీల్ తోడుండేవాడు. అతను పోయాక రెండేళ్లనుంచీ ఒక్కతే ఈడ్చుకొస్తోంది.

ఆ ఏడు ఇక చాలనుకుంది. టాంపాలో చెల్లెలికి చిన్న హోటలుంది. "వంటగదిలో మనిషి దొరక్క చస్తున్నానే, వచ్చెయ్" అని ఫోను మీద ఫోను. లుసెట్ మెషీను అమ్మడానికి మాట్లాడేసింది, అద్దె ఇల్లు శనివారానికల్లా ఖాళీ చేస్తానని చెప్పేసింది. చర్చివాళ్లు కేకు కోయించి సాగనంపారు కూడా. కేకు మీద ఆమె పేరులో ఓ అక్షరం తప్పింది. అందరూ "క్షేమంగా వెళ్లు" అన్నవాళ్లే. "ఉండిపోవే" అని ఒక్కరూ, మాటవరసకైనా, అనలేదు.

బుధవారం పొద్దున కెరిస్ ఫోను చేసింది.

"లుసెట్ పిన్నీ, వెళ్లేలోపు మా ఇల్లొక్కటి చేసి పెట్టవా? పిల్లాడి దగ్గు ఆగట్లేదు. బూజు పోకపోతే వాడి ఊపిరితిత్తులు నిలవవని డాక్టరు ఖాయంగా చెప్పేసింది."

 కాన్‌గ్రెస్ వీధిలోని ఆ ఇల్లు లుసెట్‌కి తెలుసు. ఇదివరకు రెండుసార్లు పిలిస్తే వెళ్లారు. రెండుసార్లూ ఎమీల్ గొట్టంలోకి తొంగిచూసి, టోపీ తీసి, "మనిషి కాపురముంటున్న చోట చీపురెలా పెడతామమ్మా" అని దిగొచ్చేశాడు.

ఆ ఇంటి గొట్టాల్లో ఒటిలీ ఉంటుంది.

కెరిస్‌కి అమ్మమ్మ వెర్బీనా. వెర్బీనాకి అక్క ఒటిలీ. 1971లో వాళ్ల నాన్న ఓడరేవులో పగలూ రాత్రీ పనిచేసి ఇంటికి ఏసీ పెట్టించాడు. ఒటిలీకప్పుడు ఇరవై నాలుగేళ్లు. లాండ్రీలో ఇస్త్రీ పని. ఆవిరిలో ఉడికిపోయి మూడింటికి ఇల్లు చేరి, వంటగది నేల మీద పడుకుని, గోడ అడుగున ఉన్న గ్రిల్లుకి చెంప ఆనించేది. ఓ ఆదివారం అందరూ చర్చినుంచి వచ్చేసరికి గ్రిల్లు ఊడదీసి గోడకు చేరేసి ఉంది. పక్కన ఆమె చెప్పులు, జతగా. లోపల్నుంచి "ఎంత హాయిగా ఉందే వెర్బీ ఇక్కడ!" అని వినబడింది. అంతే, మళ్లీ రాలేదు.

పాస్టరు గ్రిల్లు దగ్గర మోకరించి నాలుగు వాక్యాలు చదివి వెళ్లాడు. జనాభా లెక్కలవాడు వంగి ఆమె పేరూ పుట్టిన సంవత్సరమూ అడిగి రాసుకున్నాడు. వెర్బీనా రోజూ ఓ బిస్కట్టు రొట్టె, పీచ్ పళ్ల జామ్ అక్కడ పెడుతుంది. రొట్టె మాయమై పళ్లెం మిగులుతుంది. వీధిలో ఎవరు కలిసినా "మీ అక్క కులాసాయేనా?" అంటారు. "ఏదో, కుట్టుకుంటూ కూర్చుంది" అంటుంది వెర్బీనా.

లుసెట్ వెళ్లేసరికి వెర్బీనా బెండకాయలు తరుగుతోంది. డెబ్బై మూడేళ్లు వచ్చినా చేతిలో చాకు పరుగెడుతోంది.

"రావే. టాంపా పోతున్నావటగా. సముద్రం మీది పెద్ద వంతెన దాటేస్తావన్నమాట!"

"శనివారం అత్తా."

"నేనూ రెండుసార్లు బయల్దేరాను. పెన్సకోలాలో పెద్ద హోటల్లో వంటమనిషి ఉద్యోగం, నా చేతి రొయ్యల పులుసు తిని వాళ్లే రమ్మన్నారు. రెండుసార్లూ వంతెన మీదికి వచ్చేసరికి బస్సులోనే ఒళ్లు కాలిపోయే జ్వరం. వెనక్కి తిరిగితే మంచులా కరిగిపోయేది. నా మొగుడు నవ్వేవాడు. తర్వాత వాడే దాటి పోయాడనుకో. గోడలో వదినగారితో కాపురం నావల్ల కాదన్నాడు." చాకు చెక్కబల్ల మీద టక్కున దిగింది. "నా కూతురూ అంతే. పోయింది, వచ్చింది, ఈ ఇంట్లోనే కన్నుమూసింది. ఇదిగో, ఈ కెరిస్ కూడా అట్లాంటాలో నర్సు చదువు వదిలేసి వచ్చింది."

పక్కగదిలోంచి దగ్గు వినబడింది. ఎనిమిది నెలల ఏమస్ తల్లి భుజం మీద వాలి, ఎండు తాటాకు చీల్చినట్టు దగ్గుతున్నాడు. దగ్గు ఆగాక వాడి చూపు కప్పులోని గ్రిల్లు మీదికి పోయింది. కళ్లు నెమ్మదిగా కుడినుంచి ఎడమకు జరిగాయి. పైన రేకు మీద ఏదో మెత్తగా ఈడ్చుకుంటూ అటే వెళ్లింది.

"ఆవిడ ఉండగా మెషీను పెట్టను కెరిస్. ముందు మాట్లాడొస్తాను" అంది లుసెట్.

అటక మీద వేడి మొహాన కొట్టింది. బోర్లా పాకుతూ వెళ్లి పెద్ద గొట్టానికి కిటికీ కోసింది. రేకు తీయగానే చన్నీళ్లు చల్లినట్టు గాలి తగిలింది. టార్చి వేసి చూసింది.

గొట్టం ఈ కొసనుంచి ఆ కొస దాకా బొంత పరిచి ఉంది. గుడ్డ బొంత కాదు. వెంట్రుకలదీ, దుమ్ముదీ. దుమ్మును దూదిలా ఏకి, తలవెంట్రుకనే దారం చేసి, చదరాలు చదరాలుగా కుట్టింది. నల్లవి, నెరిసినవి, రంగేసినవి, ఏనాటిదో ఎర్రకుక్క బొచ్చు. అంచు పొడవునా ఓ ముసలమ్మ తెల్లజడ. కుట్టు కుట్టుకీ నడుమ నల్లబూజు మఖమల్‌లా పేరుకుంది. లుసెట్ వేలితో తాకింది. ఆ చల్లదనంలో బొంత గోరువెచ్చగా ఉంది. నిద్రపోయేవాళ్ల పొట్టలా నెమ్మదిగా లేస్తూ దిగుతూ ఉంది.

"లుసెట్టువేనా?"

మాట ఎదుటినుంచి వచ్చింది. అదే మాట ఒక్క క్షణం ఆలస్యంగా కింది గదుల గ్రిల్లులన్నిట్లోంచీ వినబడింది. టార్చి వెలుగు అంచున మొహం కనబడింది. ఇరవై నాలుగేళ్ల మొహం, ఒక్క ముడత లేదు. రేకుల మధ్య ఉండీ ఉండీ కాస్త సన్నగా సాగినట్టుంది. పెదవుల మధ్య సూది.

"నేనే అత్తా."

"పోయినసారి నీ అడుగు తేలిగ్గా పడింది. మీ ఆయన రాలేదా?"

"పోయాడత్తా. రెండేళ్లయింది."

"అయ్యో. నాకెవరూ చెప్పలేదే." సూది తీసి జుట్టులో గుచ్చుకుంది. "అయితే మెషీను తెచ్చావు."

"పిల్లాడి దగ్గు వింటున్నావుగా."

"వినకేం? వాడికి రోజూ జోలపాట పాడుతున్నాను."

"దగ్గు ఈ బూజువల్లే. బూజు నీ బొంతలో ఉంది."

ఒటిలీ పొడవాటి వేళ్లతో బొంతను నిమిరింది. నిమిరినచోట నల్లని పొడి లేచి గాలిలో కిందికి పోయింది. కింద ఏమస్ దగ్గాడు. ఆమె చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"తెలీదే నాకు. నా తల్లితోడు, తెలీదు." బొంత అంచు పట్టుకుని, "ఇది విప్పితే అందరూ పోతారే లుసెట్టూ. ఇందులో ఎవరి వెంట్రుక కుట్టానో వాళ్లెవరూ ఇల్లు వదల్లేదు. పోయినా వచ్చేశారు. వెర్బీది ఇదిగో, ఈ మూల. దాని కూతురిది. కెరిస్‌ది. పిల్లాడి పుట్టువెంట్రుక మొన్ననే కుట్టాను" అంది.

 కింద బెండకాయలు తరిగే చప్పుడు మెల్లగా వినబడుతోంది.

"అంటే వెర్బీనా అత్త జ్వరం..."

"ఒంటరిగా ఉండలేకపోయాను."

"అయితే కిందికి రావచ్చుగా!"

"ఈ ఎండలోకా?" అని నిజంగానే హడలిపోయింది ఒటిలీ.

కింద మళ్లీ దగ్గు. ఈసారి ఆగలేదు. కెరిస్ "ఊపిరి పీల్చు నాన్నా, పీల్చు" అనడం, అటూ ఇటూ పరుగెత్తడం గొట్టంలోంచి చెవిలో చెప్పినంత దగ్గరగా వినబడింది. ఒటిలీ మొహం పాలిపోయింది.

"తీసుకుపో" అంది. "అంతా తీసుకుపో. కానీ ఒక్కరైనా ఉండాలి కదే. నువ్వు ఉండిపోరాదూ? ఒక్క వెంట్రుక ఇవ్వు."

లుసెట్‌కి టాంపా గుర్తొచ్చింది, చెల్లెలు గుర్తొచ్చింది, పేరు తప్పు రాసిన కేకు గుర్తొచ్చింది. ఇచ్చాక ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఇవ్వకుండా మెషీను పెట్టొచ్చనీ తెలుసు. బ్రష్షు తిరిగితే బొంతతోపాటు ఈ సన్నటి మనిషీ సంచిలోకి వచ్చేస్తుంది. ఊళ్లో ఎవరూ తప్పుపట్టరు కూడా. కానీ రెండేళ్లలో ఆమెను ఉండిపొమ్మన్నది ఈ ఒక్క నోరే.

తలకు కట్టిన గుడ్డ విప్పి, చెవి వెనక ఓ వెంట్రుక పట్టుకుని తెంపింది. చల్లటి వేళ్లు దాన్ని జాగ్రత్తగా అందుకున్నాయి.

ఒటిలీ తన చేత్తోనే బొంతను చుట్టి కిటికీలోంచి అందించింది. అంత లావు చుట్టకు బరువే లేదు. ఆమె గొట్టం చివరికి తప్పుకుని రేకుపలక అడ్డం పెట్టుకున్నాక లుసెట్ మెషీను వేసింది. సాయంత్రం నాలుగింటికల్లా రేకు అద్దంలా మెరిసింది. వెర్బీనా పెరట్లో బొంతను కాల్చింది. తల్లి తెల్లజడను మాత్రం ముందే విప్పి చేతిరుమాల్లో కట్టుకుంది. ఎందుకు కాలుస్తున్నావని కెరిస్ అడిగితే, "తడిసిన బొంత ఇంట్లో ఉండకూడదే" అంది. అటక మీది మాటలన్నీ ఆమె వంటగది గ్రిల్లు పక్కన నిలబడి వినేసిందని లుసెట్‌కి అర్థమైంది. ఆ పూట అక్కకు రొట్టె పెట్టేటప్పుడు వెర్బీనా నేల మీద కూర్చుని గ్రిల్లువైపు చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. తిట్టలేదు. "నన్నడిగి ఉంటే నేనే ఉండేదాన్ని కదే అక్కా" అని మాత్రం అంది.  రొట్టె మర్నాటిదాకా అలాగే ఉంది.

శనివారం పొద్దున లుసెట్ పెట్టెలు వ్యాన్లో పెట్టుకుని ఊరు దాటుతుంటే, మలుపులో వెర్బీనా నిలబడి ఉంది. చేతిలో ఓ పెట్టె, నెత్తిన చర్చి టోపీ.

"వంతెన దాకా తీసుకెళ్లు. ఒక్కసారి చూడాలి."

వంతెన సగానికి వచ్చేసరికి లుసెట్ పళ్లు టకటకలాడాయి. కళ్లముందు నీళ్లూ ఆకాశమూ ఒకటైపోయాయి. వ్యాను పక్కకు ఆపేసింది. వెర్బీనా ఆమె నుదుటి మీద చెయ్యేసి చూసి, "కాలిపోతున్నావే తల్లీ" అంది. తర్వాత తన నుదురు తాకి చూసుకుంది. చల్లగా ఉంది. కిటికీలోంచి అవతలి గట్టు కేసి చూస్తూ ఆవిడ ఏడ్చింది. ఏడుస్తూనే అడిగింది, "మీ చెల్లికి వంటమనిషే కదా కావాలి?"

లుసెట్ జ్వరంలోనే నవ్వి, చిరునామా రాసిచ్చింది. వెనకాల వస్తున్న టాంపా బస్సుకు వెర్బీనా టోపీ తీసి ఊపింది. బస్సు వంతెన మీదే ఆగింది. ఆవిడ ఎక్కింది. లుసెట్ వ్యాను వెనక్కి తిప్పుకుంది. ఊళ్లోకి వచ్చేసరికి ఒళ్లు చల్లబడింది. పెట్టెలు కెరిస్ ఇంట్లో దించింది.

అక్టోబరుకల్లా ఏమస్ దగ్గు మాయమైంది. కెరిస్ వాణ్ణి తీసుకుని అట్లాంటా వెళ్లి చదువులో చేరిపోయింది. ఒటిలీకి రొట్టె పెట్టడానికి ఓ మనిషి ఉండాలి కాబట్టి లుసెట్ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. మెషీను అమ్మలేదు. పగలంతా ఊరి అటకలన్నీ ఎక్కి దిగి, మూడింటికి ఇల్లు చేరి, వంటగది నేల మీద కాళ్లు చాపుకుని, ఆ రోజు ఏ గొట్టంలో ఏం దొరికిందో చెప్పేది. ఒటిలీ పడీపడీ నవ్వేది. ఒకే వెంట్రుకతో కుట్టినదాన్నే విప్పి మళ్లీ కుడుతున్న సూది చప్పుడు రేకు మీద సన్నగా వినబడేది. టాంపానుంచి చెల్లెలు ఫోను చేసి, "ఈ ముసలావిడను ఎక్కడ పట్టావే? జనం వీధి మలుపు దాకా నిలబడుతున్నారు, రొయ్యల పులుసుకు!" అనేది. అది విన్నరోజు ఒటిలీ రెండు రొట్టెలు తినేది.

మరుసటి ఏడు జూన్లో కెరిస్ పిల్లాణ్ణి తీసుకుని రెండు రోజులుందామని వచ్చింది. వాడు నడుస్తున్నాడు, మూసిన తలుపులన్నీ బాదుతున్నాడు. వంటగదిలో కుర్చీమీద కూర్చోబెట్టి తల్లి వాడి జుట్టు కత్తిరించింది. స్నానానికి తీసుకెళ్లాక లుసెట్ చీపురు తెచ్చింది.

నేల మీద రింగుల జుట్టు పడి ఉంది. గ్రిల్లు సందులోంచి రెండు తెల్లటి వేళ్లు చప్పుడు లేకుండా బయటికి వచ్చాయి. దగ్గర్లోని రింగు వైపు నెమ్మదిగా, సిగ్గుపడుతున్నట్టు సాగాయి.

లుసెట్ వంగి ఒక్క పోగు కూడా మిగలకుండా ఏరింది. పొయ్యి వెలిగించి అంతా మంటలో వేసింది. కమురు వాసన తేలిపోయేదాకా అక్కడే నిలబడింది. తర్వాత వచ్చి గ్రిల్లు పక్కన కూర్చుని, ఇంకా బయటే ఉన్న ఆ వేళ్లను తన చేతిలోకి తీసుకుంది. అవి మంచులా ఉన్నాయి.

"నేనున్నాగా అక్కా" అంది.

వేళ్లు కాసేపు ఆమె చేతిలోనే ఉండి, మెల్లగా లోపలికి వెళ్లిపోయాయి.